పేరు నడుమ సందు

ఫర్వానియాలో, సిమ్‌కార్డుల కొట్టు పక్కన
నా టైపింగు బల్ల.
అర్జీకి ముప్పావు దినారు. అరబ్బీలో అయితే ఒకటి.
శుక్రవారం మధ్యాహ్నం, ఏసీ నీళ్లు బకెట్లో చుక్కచుక్క పడుతుంటే
ఆమె వచ్చి కూర్చుంది.
తన్ను తానే మడిచి తెచ్చుకున్నట్టు
ప్లాస్టిక్ కవర్లోంచి నాలుగు కాగితాలు తీసి పరిచింది.

"నా పేరు ఓబులమ్మ. సూడు, ఈడ ఏం చేసినారో."

ఓబు ఒకచోట. లమ్మ ఒకచోట.
ఎవరి బొటనవేలో పొడుగు మీట మీద
ఒక్కసారి ఎక్కువ పడింది.
తొమ్మిదేళ్లుగా ఈమె
ఆ సందులోనే కాపురముంటోంది.
ఆస్పత్రిలో లమ్మా అని పిలుస్తారట.
మొదట్లో పలికేది కాదట.
ఇప్పుడు ఓబులమ్మా అంటేనే
ఎవరినో అనుకుంటుందట.

వయసు అడిగాను. కార్డులో ముప్పై తొమ్మిది.
"ముప్పై నిండందే పంపరని ఏజెంటు ఆరేండ్లు కలిపినాడు.
పోనీలే, అది ఉండనీ.
ఈ ఎండలో ఎట్లా కలిసేవే ఆ ఆరూ."

కింది కాగితం బయోడేటా. రంగుల అచ్చు.
ఎత్తు ఐదడుగుల ఒకటి. బరువు నలభై ఎనిమిది.
వంట వచ్చు. ఇస్త్రీ వచ్చు. కుక్కలంటే భయం లేదు.
పిల్లలు: లేరు.

ఆ గడి మీద ఆమె వేలు ఆగింది.
సబ్బునురగ అరగదీసిన వేలు,
ముద్రల యంత్రం మూడుసార్లు
నువ్వు కాదు పొమ్మన్న వేలు.

"పిల్లోళ్లుంటే మేడమ్‌లు తీసుకోరని రాసినాడు.
అప్పటికి నాకు పాలు ఇంకా ఆగలా, అన్నా.
మద్రాసులో ఫోటో తీసేటప్పుడు
ఈ నీలం గుడ్డ చుట్టినారే, ఎందుకనుకుంటివి?
రవిక తడి కనపడకుండా."

నేను బకెట్ వైపు చూశాను.

ఆ బొమ్మ ఇంకా తిరుగుతోంది.
ఇప్పుడు దర్జీ కొట్టులో గుండీలు కుడుతుంది ఈమె.
మొన్న కొలతలకొచ్చిన ఒకామె ఫోన్ చూపించి
ఇది నువ్వేనా అందట.
తొమ్మిదేళ్ల కిందటి ముఖం, పక్కన ఆకుపచ్చ చుక్క:
సిద్ధంగా ఉంది.
నంబరు కూడా ఉంది, జీతం పడేదానికి ఇచ్చిన నంబరు.
రాత్రి పన్నెండుకి ఎవరెవరో
ధర అడుగుతారు.

"నంబరు జీతానికి. అంతే.
బొమ్మ తీసెయ్యమను. పేరు కలపమను.
ముందుగా మాత్రం ఆ 'లేరు' కొట్టెయ్యమను.
ఉండాది.
ఐదో తరగతి. ఎడమచేత్తో రాస్తాది."

ఫారంలో కారణం రాసే గడి చిన్నది,
నలభై అక్షరాలు పడతాయి.
తప్పుగా నమోదైంది, అని మొదలుపెట్టాను.
"ఏం రాస్తాండావు?"
చదివి వినిపించాను.
"తప్పు కాదన్నా. తప్పంటే తెలీక చేసేది."

చెరిపేసి, అబద్ధం అని కొట్టాను.
అరబ్బీలో అది ఇంకా పొట్టి మాట.
గడిలో బోలెడు చోటు మిగిలిపోయింది.

ఈ కాగితం ఎవరు చదువుతారో, ఎన్నాళ్లకో తెలీదు.
ఆ ఏజెన్సీ అద్దాల తలుపుకి ఇప్పుడు వేరే బోర్డు.
ఆ మాట చెప్పలేదు.
కాదు, చెప్పాను, చిన్నగా.
"తెలుసులే," అంది. "ముద్ర వెయ్యి."

లేచింది. మళ్లీ కూర్చుంది.
"ఇందాక నా కార్డు స్కాను చేసినావే,
అది యాడ ఉండాది?"

తెర తిప్పి చూపించాను.
పన్నెండేళ్ల ఫోల్డరు. పదకొండు వేల ముఖాలు.
ఎందుకు దాచావని ఇంతవరకూ ఎవరూ అడగలేదు,
నేనూ అడుక్కోలేదు.

"నాది తియ్యి."
తీశాను.
"ఆ చెత్తబుట్ట బొమ్మలోంచి గూడా."

ఖాళీ అవుతూ యంత్రం
కాగితం నలిపిన చప్పుడు చేసింది.
ఆమె చెవి ఒగ్గి విని,
దినారుకి చిల్లర లెక్కపెట్టి ఇచ్చి,
రశీదు అడిగింది.

ఆమె పేరు కొట్టేటప్పుడు
నా బొటనవేలు
బల్ల కింద పెట్టుకున్నాను.